కడుగని చోట్లు

మా మండవల్లి ప్రాంతమున గేదెను కొనబోవు గృహస్థుడు, దాని కొమ్ముల వంపును, మేని నునుపును, నడకలోని నిదానమును ఎంతగ మెచ్చుకొన్నను, అమ్మువాని పాకలో సాయంత్రము ఒక పూటయు, మరునాటి ఉదయము ఒక పూటయు తన కన్నుల యెదుటనే పాలు పితికించి, చెంబులు లెక్కపెట్టి చూచిన పిమ్మటగాని బయానా ఈయడు. ఈ ఆచారము వెనుక తరతరముల చేదు అనుభవము కలదు. బేరగాండ్రు వచ్చుటకు ముందు పూట పాలు తీయక నిలిపి, పొదుగును నిండుగ కనిపింపజేయు నేర్పు అమ్మకపు వారికి తాతలనాడే తెలియును. ఒక పూట పాలు కొనువానిని మోసగించవచ్చును. వెంటవెంటనే రెండు పూటల పాలు మోసగించుట కష్టము.

ఇంతటి జాగ్రత్తపరుడే, ముప్పది గేదెల వెల చేయు పాత స్పోర్ట్స్ కారును కొనబోవునప్పుడు, ఫోనులో పది ఫోటోలు చూచి, ఒక్కమారు యాక్సిలరేటరు త్రొక్కి ఆ గర్జన చెవినబడగనే మారుమాట లేక సొమ్ము చెల్లించుట నేను ఒకటికి నాలుగు పర్యాయములు చూచితిని. తెలివి లేక కాదు. గేదెపై లేని మోహము కారుపై నుండుటయే దానికి కారణము. కావున ఈ అధ్యాయమున నేను చెప్పబోవునది యంత్రశాస్త్రమంతయు కాదు. నేను మెకానికును కాను. ముప్పది యేండ్లు బడిపంతులుగ పనిచేసి ఇంట కూర్చున్నవాడను. అయినను పిల్లవాని కాపీపుస్తకములో కొట్టివేతలు ఎచ్చట నుండునో తెలిసినవానికి, కారులో కొట్టివేతలు ఎచ్చట నుండునో నేర్చుకొనుట అంత దుర్లభము కాలేదు.

ముందుగ మా సీమ సంగతి చెప్పవలెను. పామర్రునుండి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరములమీదుగ పోవు 165వ నంబరు జాతీయ రహదారిపై మా ఊరు కలదు. రోడ్డుకు ఇరుప్రక్కల చేపల చెరువులు, గట్లపై కొబ్బరిచెట్లు, వాటి వెనుక ఎచ్చటనో కొల్లేరు. ఇచ్చట సంపద నెలజీతమువలె చుక్కచుక్కగ రాదు. నెలల తరబడి మేత పోసి, కరెంటు బిల్లులు కట్టి, రాత్రుళ్లు ఏరేటర్ల చప్పుడు వినుచు గడపిన పిదప, ఒకనాడు పట్టుబడి అయి లారీలు కదలినంతనే సొమ్మంతయు ఒక్కసారి చేతికి వచ్చును. సొమ్ము ఒక్కసారి వచ్చినచోట కోరికయు ఒక్కసారియే వచ్చును. దానికి తోడు సంక్రాంతి. పందెపు బరులవద్ద ఎవరి కారు ఎచ్చట నిలిచినదన్న విషయము కోడి గెలుపుతో సమానముగ చర్చకు వచ్చు ఈ దేశమున, పాతికేండ్ల యువకుడు ఎర్రని రెండు తలుపుల కారును కోరుట పాపమని నేననను. కొనుట తప్పు కాదు, కొనవలసిన దానిని కొనక వేరొకదానిని కొని తెచ్చుకొనుటయే తప్పు.

2024 కార్తీకమాసములో మా అన్నగారి కుమారుడు ఒకనాటి సాయంత్రము వచ్చి ఫోను నా ముఖమునకు చేర్చి, “బాబాయ్, చూడు. హైదరాబాద్ బండి, సింగిల్ ఓనరంట. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందంట. బెజవాడలో పెట్టారు. మార్కెట్టు కన్నా ఏడు లక్షలు తక్కువ” అనెను. ఆ చివరి మాటయందే నాకు సందేహము కలిగినది. “ఏడు లక్షలు ఎందుకు తక్కువరా?” అని అడిగితిని. “అర్జంటంట” అనెను. అమ్మువాని తొందర కొనువానికి లాభమని లోకము నమ్మును. నా అనుభవములో తొందర అను మాట వినబడిన చోటనెల్ల కొనువాడు నెమ్మదించుట మేలైనది. మరునాడు ఉదయము మేమిద్దరము, మాతో ఆటోనగరులో చిరకాలము పనిచేసిన యొక మేస్త్రీయు బయలుదేరితిమి. మేస్త్రీకి ఒకనాటి కూలి మేమే ఇచ్చితిమి. కారు చూపించువాడు ఏర్పరచిన మెకానికు ఎంత సత్యసంధుడైనను, అతడు పెండ్లికుమార్తె తరపు పురోహితునివంటివాడు.

ఆ ప్రయాణమున కారులో కూర్చుండి మేస్త్రీ చెప్పిన మొదటి సంగతి బుడమేరును గూర్చినది. ఆ ఏడాది సెప్టెంబరు ఆరంభమున బుడమేరునకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగరు మొదలైన పేటలు దినముల తరబడి నీట నున్న సంగతి అందరెరిగినదే. వాకిళ్లలో, సెల్లార్లలో నిలిపియుంచిన కార్లు పైకప్పు వరకును మునిగినవి. ఆ బుడమేరే చివరకు వచ్చి మా కొల్లేటిలో కలియును. ఏలూరు ప్రక్కగ వచ్చు తమ్మిలేరు సైతము ఇందులోనే కలియును. ఈ నీరంతయు మా మండలములోని పెదఎడ్లగాడి మీదుగ సాగి, ఉప్పుటేరు దారిన సముద్రమునకు పోవలెను. నీటితో ఇంతటి చుట్టరికము గల మాకు, పాత కారును అడుగవలసిన మొదటి ప్రశ్న అది ఎంత వేగముగ పోవుననునది కాక, ఎప్పుడైన మునిగినదా అనునదై యుండవలెను. ఇది కొల్లేటి వారి ప్రశ్న మాత్రమే కాదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణము, 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినవి. మునిగిన నగరములోని కారు ఆ నగరములోనే అమ్ముడుపోవలెనన్న నియమము లేదు. ఎచ్చట ఆ వరద సంగతి మరచిపోయిరో అచ్చటికే అది చేరును.

మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతము దాటిన పక్షమున బీమా కంపెనీ దానిని పూర్తి నష్టముగ లెక్కించి యజమానికి సొమ్మిచ్చివేయును. వాడుకలో దీనినే టోటల్ లాస్ అందురు. అంతటితో ఆ కారు కథ ముగియదు. తుక్కు వెలకు మరొకడు కొని, ఎండబెట్టి, కడిగి, తివాసీలు మార్చి, మరల రోడ్డెక్కించును. ఆ చేయువాడు దొంగయని నేననుట లేదు. చెప్పి అమ్మిన ఎడల అది వర్తకమే. చెప్పకపోవుటయే మన భయము. స్పోర్ట్స్ కారు నేలకు మిక్కిలి సమీపమున నుండును గనుక, సామాన్యమైన కారునకు మోకాటిలోతు నీరు దానికి నడుములోతగును. గాలి పీల్చు గొట్టము క్రిందుగ నున్న కార్లలో ఆ నీరు సిలిండరులోనికి పోయిన తరుణమున ఇంజను వేసినచో, గాలివలె నీరు నొక్కుడు పడదు గనుక పిస్టను దానిని నొక్కజాలక కనెక్టింగ్ రాడ్డు వంగును. వంగిన రాడ్డుతో కారు కొంతకాలము నడువవచ్చును సైతము. ఆ కొంతకాలములోనే అది అమ్మకమునకు వచ్చును.

అచ్చట మేము చూచిన కారు తళతళలాడుచుండెను. తలుపు తెరవగనే అగరువత్తుల సువాసన గుప్పుమని కొట్టినది. మా వాడు డ్రైవరు సీటులో కూర్చుండి స్టీరింగును రెండు చేతుల పట్టుకొన్న క్షణమున వాని ముఖములో కనిపించిన ఆనందమును చూచి, ఇంక వీనికి బుద్ధి చెప్పుట కష్టమని నేననుకొంటిని. మేస్త్రీ మాత్రము కారు ముందుభాగమునకు పోనే లేదు. ప్రక్కసీటు బెల్టును చేత పట్టుకొని, “పంతులుగారూ, ఇది మొత్తం బయటికి లాగండి, చివరిదాకా” అనెను. లాగితిని. పైభాగము క్రొత్తదానివలె నల్లగ నున్నది. చివర మూరెడు పొడవున, చుట్టలోపల దాగియున్న భాగమున, ఎండిన బురద చార ఒకటి అడ్డముగ కనబడినది. కడిగినవారు కంటికి కనిపించినంత మేర కడిగిరి. ఎవరును నిత్యము లాగి చూడని ఆ చివరి మూరను కడుగుట వారికి తోచలేదు.

ఆ తరువాత అన్నియు వరుసగ బయలుపడినవి. సీటు క్రింది పట్టాల బోల్టులకు తుప్పు. కార్పెట్టు మూల లేపి దాని క్రింది దూదివంటి పొరను గట్టిగ నొక్కగ వేళ్లకు చల్లని తేమ. డిక్కీలో స్టెప్నీకి బదులు పంక్చరు పెట్టె నుంచిన గుంటలో, చాప క్రింద, సన్నని ఒండ్రు. డాష్‌బోర్డు క్రింద టార్చి వేసి చూడగ తీగల కనెక్టరు పిన్నులకు ఆకుపచ్చని చిలుము. ఈ కాలపు కార్లలో కంట్రోల్ యూనిట్లు పెక్కింటిని సీట్ల క్రిందను, కాళ్లు పెట్టుచోటను అమర్చుదురు. నీరు మొదట చేరు స్థలము అదియే. చిలుము పట్టిన కనెక్టరు నేడు పనిచేసి, ఎయిర్‌బ్యాగు విచ్చుకొనవలసిన నాడు పనిచేయకపోవచ్చును. హెడ్‌లైటు అద్దము లోపలివైపున మసకయు, మూలలో చిటికెడు మన్నును మేస్త్రీ వ్రేలితో చూపెను. మా వాని ముఖము వాడిపోయినది. కారు చూపించిన యువకునితో వాదము పెట్టుకొనక, నమస్కారము చేసి వెనుకకు వచ్చితిమి. వాదించినందువలన కారు ఎండదు గదా.

ఈ ప్రథమ పరీక్షలో గట్టెక్కిన కారునకే తక్కిన పరీక్షలు. వానిలో ముఖ్యమైనది చల్లని ఇంజను. అమ్మువానికి ముందునాడే ఫోను చేసి, తాము వచ్చువరకును ఇంజను వేయవద్దని గట్టిగ చెప్పి, తెల్లవారుజామున పోయి, మొట్టమొదట బోనెట్‌పై అరచేయి ఉంచవలెను. వెచ్చగ నున్న ఎడల పొదుగు నింపియుంచినారన్నమాట. మరొకనాడు వత్తుమని చెప్పి లేచిరావలెను. చల్లగ నున్నచో బోనెట్ ఎత్తి, డిప్‌స్టిక్‌తో ఆయిలు చూచి, కూలెంటు డబ్బా మూత తెరచి రంగు చూచి, అప్పుడు మాత్రమే స్టార్టు చేయించవలెను. కూలెంటు మూతను వేడి ఇంజనుపై తెరచి ముఖము కాల్చుకొన్నవారిని నేనెరుగుదును. ఆయిలు మూత లోపల చిక్కని మజ్జిగవంటి పదార్థము కనబడినచో నీరును ఆయిలును కలిసియుండవచ్చునని గ్రహింపవలెను. తక్కువ దూరములు తిరుగు కారులో చలికాలమున కొద్దిపాటి నురుగు తేమవలనను రావచ్చును గనుక కూలెంటు మట్టముతో పోల్చి నిర్ణయింపవలెను.

స్టార్టు చేసిన తొలి కొన్ని క్షణములలో ఇంజను చెప్పు మాటలు తరువాత గంటసేపైనను చెప్పదు. ఇంజను లోపలి టైమింగ్ గొలుసు వదులై తటతటలాడుట ఆయిలు పైకెక్కువరకే వినవచ్చును. సైలెన్సరు వెనుక తెల్లని గుడ్డ పట్టుకొని మనిషిని నిలుపుడు. నీలిపొగ ఆయిలు మండుచున్నదని చెప్పును, నల్లపొగ పెట్రోలు అధికమగుచున్నదని చెప్పును. తెల్లని ఆవిరి చల్లని ఉదయమున సహజమే; ఇంజను వేడెక్కిన తరువాతను ఆగక, తీయని వాసన వేయుచున్నచో హెడ్ గాస్కెట్టుపై సందేహపడవలసినదే. టర్బో గల కారయినచో, వేడెక్కిన పిమ్మట నాలుగవ గేరులో వేగమెత్తి హఠాత్తుగ పెడలు వదలినప్పుడు అద్దములో వెనుకకు చూడవలెను. ఆ తరుణమున నీలిపొగ తేలినచో టర్బో సీళ్లు వయస్సు మళ్లియుండవచ్చునని సందేహింపవలెను.

ఇది మొదటి పూట. గంటసేపు నడిపి, ఇంజనును పూర్తిగ వేడెక్కించి, ఆపి, పది నిమిషములు టీ త్రాగి, మరల స్టార్టు చేయుట రెండవ పూట. చల్లగ నున్నప్పుడు నిద్రలేచినట్లు లేచిన ఇంజను వేడిగ నున్నప్పుడు మొరాయించుటయు కలదు. రెండు క్లచ్చుల గేరుబాక్సు గల కార్ల రోగములు చాలవరకు ఈ రెండవ పూటలోనే బయటపడును. మన దేశములో 2013 నుండి అమ్ముడుపోయిన పోలో జీటీ టీఎస్ఐ వంటి ఏడు గేర్ల డ్రై క్లచ్ కార్లను కొనువారు, ట్రాఫిక్కులో మెల్లగ ముందుకు ప్రాకుచున్నప్పుడు కారు వణకుచున్నదా, మొదటి రెండు గేర్ల మధ్య జంకుచున్నదా యని ఓపికతో గమనింపవలెను. ఆ ప్రయోగమునకు కైకలూరు బస్టాండువద్ద సాయంకాలపు రద్దీని మించిన ప్రయోగశాల లేదు.

స్కానరును గూర్చి రెండు మాటలు. ఓబీడీ సాకెట్టులో పెట్టు చిన్న పరికరము చవుకగనే దొరకును; ఫోనులో కారు తప్పుల జాబితా చదివి చూపును. తప్పులు ఏమియు లేవని చూపినంత మాత్రమున సంతోషింపరాదు. ముందు రాత్రి వానిని తుడిచివేయుట నిమిషపు పని. అయితే తుడిచినప్పుడు రెడీనెస్ మానిటర్లు అను లోపలి పరీక్షలు కూడ చెరిగిపోయి, కారు మరల కొంత దూరము, కొన్ని పర్యాయములు నడిచినగాని పూర్తికావు. స్కానరు అవి అసంపూర్ణములని చూపినచో, తుడిచి చాలకాలము కాలేదని అర్థము చేసికొనుడు. బ్యాటరీ మార్చినను ఇట్లే జరుగును. కావున కోపపడక, వారము రోజుల తరువాత మరల చూతుమని చెప్పుడు. నిజాయితీపరుడు సరేయనును.

ఒంటిని పరీక్షించుటకు మధ్యాహ్నపు ఎండ కావలెను. తడిసిన కారును ఎన్నడును చూడరాదు; నీటిపొర సొట్టలను, రంగు తేడాలను కప్పివేయును. మేము పోవు వేళకు అమ్మకపు వారు కారు కడుగుచు కనబడినచో, ఎండువరకు చెట్టుక్రింద కూర్చుండుట నాకు అలవాటైనది. పెయింటు మందమును కొలుచు మీటరుతో ప్రతి పలకను నాలుగైదు చోట్ల కొలువవలెను. ఫ్యాక్టరీ రంగు సామాన్యముగ 100 నుండి 160 మైక్రాన్ల మధ్య నుండును. ఒక తలుపు 120, దాని ప్రక్కది 300 చూపినచో రెండవమారు రంగు పడినదని, వేయి దాటినచో క్రింద పుట్టీ కలదని తెలియును. రంగు పడుట నేరము కాదు; మా సందులలో స్కూటరు గీయని కారెక్కడిది? ఎందుకు పడినదన్న ప్రశ్నకు వచ్చు సమాధానము మీటరు అంకెతో కలియుచున్నదా యన్నదే చూడవలెను. అయస్కాంతముతో పుట్టీని పట్టుకొను పాత చిట్కాను నమ్ముకొన్నవారు స్పోర్ట్స్ కార్లవద్ద మోసపోవుదురు. బరువు తగ్గించుటకై వానిలో పెక్కింటికి బోనెట్లు అల్యూమినియముతో చేయుదురు. అయస్కాంతము పుట్టీ లేకున్నను అంటదు. 2016లో మన దేశమునకు వచ్చిన అయిదు లీటర్ల వీ8 మస్టాంగు బోనెట్ అట్టిదే. బోనెట్ కీళ్ల బోల్టులపై రెంచి పట్టిన గీతలు, రేడియేటరు వెనుక నిలుచు ఇనుప చట్రముపై క్రొత్త వెల్డింగు, ముందరి రెండు హెడ్‌లైట్లలో ఒకటి పాతది ఒకటి క్రొత్తది యగుట, ఇవి మీటరుకన్న ఎక్కువ నిజము చెప్పును.

ఇంక అడుగుభాగము. మా నేల నల్లరేగడి. రోడ్డు ఎంత చక్కగ వేసినను వానకాలము పోవుసరికి ఒకచోట క్రుంగి, ఒకచోట ఉబ్బి యుండును. చేపల లారీలనుండి కారు ఐసు నీటివలన రోడ్లు తడిగనే యుండును. ఊరూరను స్పీడు బ్రేకరు. నేలకు జానెడెత్తైనను లేని కారును ఇట్టి దారులలో నడిపినవాని పాపపుణ్యములన్నియు దాని కడుపున వ్రాసియుండును. ర్యాంపు ఎక్కించక స్పోర్ట్స్ కారును కొనరాదని నా ఖండితాభిప్రాయము. ఆయిలు పళ్లెమునకు సొట్టలు, సైలెన్సరు గొట్టములకు రాపిళ్లు, రక్షణ పలకలకు బోల్టులు లేకుండుట, సస్పెన్షను బుష్షుల రబ్బరు చీలుట, షాక్‌అబ్జార్బర్లకు ఆయిలు చెమ్మ, ఇవన్నియు క్రిందనే కనబడును. నరసాపురము, మొగల్తూరు వైపు ఉప్పుగాలిలో నిలిచిన కారయినచో అతుకులవద్ద తుప్పు కొరకు టార్చి వేసి మరింత వెదకవలెను.

మరియొక రహస్యము మా డెల్టాకు ప్రత్యేకము: ఎలుకలు. స్పోర్ట్స్ కారును పండుగకు తీసి తక్కిన నెలలు షెడ్డులో కప్పియుంచువారు మా ప్రాంతమున పెక్కండ్రు. వరి కోతల తరువాత పొలము గట్లు విడిచిన ఎలుకకు ఆ షెడ్డుకన్న ఉత్తమమైన నివాసము లేదు. ఎయిర్‌ఫిల్టరు డబ్బా మూత విప్పించి చూడుడు. ఒక కారులో నాకు దోసెడు వరిగింజల పొట్టు దొరకినది. తీగలు కొరికిన చోట ఎవరో నల్ల టేపు చుట్టి యుందురు. ఆ టేపు వెనుక తీగ అంతయు మార్పించు ఖర్చు దాగియుండును. ఎనిమిదేండ్లలో నాలుగు వేల కిలోమీటర్లే తిరిగినదని గర్వముగ చెప్పు కారును చూచినచో నాకు సంతోషము కన్న జాలియే కలుగును. రబ్బరు సీళ్లు ఎండును, బ్రేకు ఆయిలు తేమ పీల్చును, టైర్లు నిలిచిన చోటనే చదునగును. ఇథనాలు కలిపిన పెట్రోలు తేమను ఇంకను ఎక్కువగ పీల్చును. 2023కు ముందటి కార్లు చాలవరకు 20 శాతము ఇథనాలు మిశ్రమమునకై తయారైనవి కావు గనుక, ట్యాంకులో నెలల తరబడి నిలిచిన పెట్రోలును గూర్చి తప్పక అడుగవలెను.

టైరుపై నాలుగంకెల ముద్ర కలదు: 3521 అనగ 2021వ సంవత్సరము 35వ వారమున తయారైనదని అర్థము. నాలుగు టైర్లు నాలుగు కంపెనీలవైనచో, యజమాని పొదుపు ఇంజను ఆయిలు వరకును పోయినదా యని అడుగుడు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. లోపలి అంచు మాత్రమే అరిగినచో చక్రపు కోణము చెడినదనియో, కారును క్రిందికి దించి స్ప్రింగులు మార్చినారనియో ఊహింపవలెను. ఇట్టి మార్పులను గూర్చి నా పట్టుదల ఎక్కువ. కంపెనీ నమోదు చేసిన లక్షణములకు విరుద్ధముగ వాహనమును మార్చుట మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధము; 2019లో సర్వోన్నత న్యాయస్థానమును ఈ మాటనే స్పష్టపరచినది. చట్టము నటుంచి, కంప్యూటరును రీమ్యాపు చేసి బలము పెంచిన కారు, దానిని అమ్మువాడు ఎంత అనుభవించెనో చెప్పునుగాని, అమ్ముటకు ముందు మరల పాత మ్యాపు వేసినచో ఆ సంగతి చెప్పదు. బ్రేకు డిస్కు అంచున నిలిచిన మెట్టును గోరుతో తాకి చూడుడు. డిస్కుపై చెక్కియున్న కనీస మందమును చదువుడు. కార్బన్ సెరామిక్ బ్రేకులు గల కారయినచో ఆ నాలుగు డిస్కుల వెల ఒక చిన్న కారు వెలతో పోటీపడునని ముందే ఎరిగియుండుడు.

ప్రతి జాతి కారునకు దానికి పుట్టుకతో వచ్చిన జబ్బొకటి యుండును. డాలసులో ఉద్యోగము చేయు మా బంధువు పాత పోర్షే 911 కొనుటకు ఉబలాటపడినప్పుడు, 1990ల చివరినుండి 2008 వరకు వచ్చిన ఆ ఇంజన్లలో పెక్కింటికి ఇంటర్మీడియట్ షాఫ్టు బేరింగు బలహీనమని అచ్చటి మెకానికు ముందే చెప్పి, అది మార్చిన రసీదు చూపిన కారునే కొనిపించెను. కొనదలచిన కారు జబ్బు పేరు తెలియక పోవుట, అల్లుని వ్యసనము విచారింపక పిల్లనిచ్చుటతో సమానము.

పత్రముల సంగతి క్లుప్తముగ చెప్పెదను, ఎందుకనగ ఇవి అందరును చెప్పుదురు, ఎవరును చేయరు. ఒకప్పుడు ఏపీ 16 అనగ కృష్ణాజిల్లా, ఏపీ 37 అనగ పశ్చిమగోదావరి అని నంబరు చూడగనే తెలిసెడిది; 2019 నుండి రాష్ట్రమంతటికిని ఏపీ 39 వచ్చిన పిమ్మట ఆ ఆనవాలు పోయినది. కావున ఆర్‌సీపైని ఇంజను, చాసిస్ నంబర్లను కారుపైని వానితో అక్షరము అక్షరము సరిచూడుడు. చాసిస్ నంబరు 17 అక్షరములుగ నుండును. బ్యాంకు అప్పు తీరిన ఎడల 35వ ఫారము, బదిలీకి 29, 30 ఫారములు, హైదరాబాదు కారయినచో 28వ ఫారముపై ఎన్ఓసీ కావలెను. కారు 12 నెలలకు మించి మన రాష్ట్రమున నిలిచినచో ఇచ్చటి నంబరు తీసికొని ఇచ్చటి జీవితపన్ను కట్టవలెను. చవుకయని తెచ్చిన టీఎస్ నంబరు కారు ఈ పన్నుతో చవుక కాక పోవుటయు కలదు. బీమా పాలసీ మన పేరునకు మార్చుకొనుటకు గడువు 14 దినములు. నో క్లెయిమ్ బోనస్ మాత్రము అమ్మువానితోనే పోవును. అన్నిటికన్న ముఖ్యముగ, బీమా కంపెనీవద్ద క్లెయిముల చరిత్రయు, కంపెనీ సర్వీసు కేంద్రమువద్ద సర్వీసు చరిత్రయు అమ్మువాని చేతనే తెప్పించుకొనుడు. ప్రతి సర్వీసునాడు వ్రాసిన కిలోమీటర్లను వరుసగ చదివినచో, మీటరు వెనుకకు త్రిప్పినవాడు ఎచ్చట త్రిప్పెనో తేటతెల్లమగును. ఇరువది వేలు తిరిగినదను కారునకు క్లచ్ పెడలు రబ్బరు అరిగి నున్ననగుట ఎట్లో అడుగుడు.

మోహమును గూర్చి ఒక్క మాట చెప్పి ముగించెదను, ఇది యంత్రముకన్న కఠినమైన విషయము. కారు చూడబోవునాడు జేబులో బయానా సొమ్ము ఉంచుకొనరాదు. ఫోనులో సొమ్ము పంపు యాపును సైతము ఇంట నుంచి పొమ్మని నేను మా వానితో చెప్పగ వాడు నవ్వెను, అయినను ఒప్పుకొనెను. చూచిన రాత్రి నిద్రపోయి, మరునాడు ఆ కారును తలచుకొన్నప్పుడు మొదట మనస్సునకు వచ్చునది దాని రంగా, దాని లోపమా యని పరికించుకొనవలెను. రంగే వచ్చినచో మరొక రెండు దినములు ఆగవలెను. వెలలో ఐదవ వంతు మరమ్మతులకు ప్రక్కన ఉంచుకొనలేనివాడు ఆ తరగతి కారును కాక దానికి క్రింది తరగతి కారును కొనుట యుక్తము. విడిభాగములు ఎచ్చట దొరకునో విచారింపక కొనినవాని కారు నెలల తరబడి ఆటోనగరు షెడ్డులో నిలిచిపోవును. మన దేశమున కార్ల తయారీ నిలిపివేయుచున్నట్లు 2021లో ప్రకటించిన ఫోర్డు వంటి కంపెనీల కార్లను కొనదలచినవారు ఈ విచారణను ఇంకను ముందు చేయవలెను.

మా వాడు ఆ తరువాత నాలుగు కార్లు చూచెను. రెండు బోనెట్‌పై చేయి పెట్టగనే తిరస్కరింపబడినవి. ఒకటి ర్యాంపుపై పోయినది. నాలుగవదానిని మరుసటి వేసవిలో కొనెను. దానికి ఎడమవైపు తలుపుపై ఒక గీత కలదు. అమ్మినవాడు దానిని తానుగ చూపించెను. నేడును ఆ గీత అట్లే యున్నది.

చదువరీ, నీవు రేపు ఉదయము ఏదైన కారు చూడబోవుచున్న ఎడల, ఈ పుస్తకము మూసి, ఆ యజమానికి ఈ రాత్రియే ఒక ఫోను చేయుము. “రేపు మేము వచ్చేదాకా ఇంజను వేయకండి, కారు కడగకండి” అని చెప్పుము.